కంచె లోపల, కంచె వెలుపల: దక్షిణ సూడాన్‌లో పౌరుల రక్షణ

2013 డిసెంబరు 15 రాత్రి దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో అధ్యక్షుడి అంగరక్షక దళంలోనే కాల్పులు మొదలయ్యాయి. అధ్యక్షుడు సాల్వా కీర్‌కూ, అంతకు అయిదు నెలల ముందు ఆయన ఉపాధ్యక్ష పదవి నుంచి తొలగించిన రియెక్ మచార్‌కూ మధ్య నడుస్తున్న అధికార కలహం తెల్లవారేసరికి తెగల పేరుతో సాగే ఊచకోతగా మారింది. కీర్ డింకా తెగవాడు, మచార్ నుయెర్ తెగవాడు. సైనికులు ఇంటింటికీ తిరిగి, నుదుటి మీద అడ్డంగా చెక్కిన తెగ ఆనవాళ్లు చూసి, డింకా భాషలో పలకరిస్తే బదులు చెప్పలేనివారిని పక్కకు లాగి, నుయెర్ మగవాళ్లను చంపారు. గుడెలె ప్రాంతంలోని ఒక పోలీసు ఠాణాలో వందలాది మందిని ఒకే గదిలో కుక్కి కిటికీల్లోంచి కాల్చారు. ప్రాణభయంతో పరుగు తీసిన జనానికి నగరంలో కనిపించిన దిక్కు ఒకటే: విమానాశ్రయం పక్కన ఒకటి, జెబెల్ కొండ దిగువన ఒకటి ఉన్న ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళ స్థావరాలు. కొద్ది రోజుల్లోనే వేల మంది ఆ గేట్ల ముందు గుమిగూడారు. గేట్లు తెరుచుకున్నాయి.

శాంతి పరిరక్షణ చరిత్రలో ఆ నిర్ణయానికి సాటి రాగలవి ఎక్కువ లేవు. శాంతి పరిరక్షకులు జనం దగ్గరికి వెళ్లి కాపాడడం అనే పాత నమూనాను పక్కన పెట్టి, జనమే శాంతి పరిరక్షకుల ప్రాంగణంలోకి వచ్చి నివసించే కొత్త ఏర్పాటు ఆ రోజుల్లో, ఎవరూ ముందుగా గీయని పథకం ప్రకారం, తనంతట తాను పుట్టింది. కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు ఉంటారనుకున్న జనం ఏళ్ల తరబడి ఉండిపోయారు. దేశంలోని వేర్వేరు పట్టణాల్లో ఇలాంటి 'పౌర రక్షణ స్థలాల్లో' తలదాచుకున్నవారి సంఖ్య ఒక దశలో 2 లక్షలు దాటింది. బెంటియులోని ఒక్క స్థలంలోనే లక్ష మందికి పైగా ఉండేవారు. ఈ అనుభవాన్ని విఫలమైన ప్రయోగంగా కొట్టిపారేసేవారు ఉన్నారు, ఘన విజయంగా చెప్పుకునే అధికారులూ ఉన్నారు. కంచె ఎక్కడి దాకా ఉందో రక్షణ దాదాపు అక్కడి దాకానే ఉంది, కంచె దాటి రెండడుగులు వేయాలంటే అనుమతి ఇవ్వవలసినది, చాలా సందర్భాల్లో, ఆ జనం ఎవరికి భయపడి లోపలికి వచ్చారో ఆ ప్రభుత్వమే. మిగతా వైఫల్యాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క పీటముడి చుట్టూ తిరిగినవే.

ఆ దళం అక్కడికి వెళ్లింది యుద్ధం ఆపడానికి కాదు. 2011 జులై 9న దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమైంది. దానికి ఒక రోజు ముందు భద్రతా మండలి 1996వ నంబరు తీర్మానంతో 'అన్‌మిస్' అనే పొట్టి పేరుతో పిలిచే ఈ దళాన్ని ఏర్పాటు చేసింది. 7,000 మంది సైనికులు, 900 మంది పోలీసులు. కొత్త దేశానికి పరిపాలనా యంత్రాంగం, పోలీసు వ్యవస్థ, న్యాయస్థానాలు నిర్మించుకోవడంలో ప్రభుత్వానికి చేదోడుగా ఉండడం దాని ప్రధాన బాధ్యత. పౌరుల రక్షణ కూడా తీర్మానంలో ఉంది గాని, అది తెగల మధ్య పశువుల దోపిడీలు, పగ తీర్చుకునే దాడుల నేపథ్యంలో రాసిన మాట. ప్రభుత్వ సైన్యమే పౌరులను వేటాడితే ఏం చేయాలన్న ప్రశ్నను ఆ పత్రం ఊహించలేదు. పాలన నేర్పడానికి వెళ్లిన దళం, 2013 డిసెంబరులో ఒక్క వారంలో, తన భాగస్వామిని యుద్ధంలో ఒక పక్షంగా చూడవలసి వచ్చింది.

పౌరుల రక్షణ అనే మాట శాంతి పరిరక్షణలోకి వచ్చిన తీరును గుర్తు చేసుకుంటే ఈ ఇరకాటం ఇంకా స్పష్టమవుతుంది. 1994లో రువాండాలోనూ 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలోనూ నీలి టోపీల, అంటే ఐరాస శాంతి పరిరక్షకుల, కళ్లెదుటే సామూహిక హత్యలు జరిగిన తరువాత, ఆ అవమానం నుంచి, 1999 అక్టోబరులో సియెర్రా లియోన్ దళానికి సంబంధించిన 1270వ నంబరు తీర్మానంలో మొదటిసారిగా, భౌతిక హింస ముప్పు తక్షణం పొంచి ఉన్న పౌరులకు రక్షణ కల్పించేందుకు అవసరమైన చర్య తీసుకోవచ్చునని భద్రతా మండలి స్పష్టంగా రాసింది. అయితే ఆ వాక్యానికి మూడు తాళ్లు కట్టి ఉన్నాయి. దళం శక్తిసామర్థ్యాల మేరకు, దళం మోహరించిన ప్రాంతాల్లో, స్థానిక ప్రభుత్వ బాధ్యతలను దృష్టిలో ఉంచుకుని అన్నవి ఆ మూడు షరతులు. మొదటి రెండూ వాస్తవికతకు సంబంధించినవి, వాటితో ఎవరికీ పేచీ లేదు. మూడోది రాజకీయం. ప్రజలను కాపాడే తొలి బాధ్యత సర్వసత్తాక ప్రభుత్వానిదే అన్న సూత్రం కాగితం మీద ఎంత సబబుగా కనిపిస్తుందో, ఆ ప్రభుత్వమే ముప్పుగా మారిన రోజున అంత పనికిరానిదవుతుంది.

మొదటి రెండు షరతులైనా చిన్నవేమీ కావు. దక్షిణ సూడాన్ వైశాల్యం 6 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే, ఫ్రాన్స్ కన్నా పెద్దది. స్వాతంత్ర్యం వచ్చాక తారు వేసిన మొదటి పెద్ద రహదారి, జుబా నుంచి ఉగాండా సరిహద్దులోని నిములె దాకా ఉన్న 192 కిలోమీటర్ల దారి, 2012లో పూర్తయింది. నైలు నది పరీవాహకంలోని ఈశాన్య ప్రాంతాలన్నీ నల్లరేగడి నేలలు. వానాకాలంలో ఆ నేల బండి చక్రాన్ని ఇరుసు దాకా మింగేస్తుంది, ఏడాదిలో దాదాపు సగం కాలం చాలా దారుల్లో సాయుధ వాహనం కాదు గదా కాలినడకే కష్టం. అటువంటి దేశంలో 7,000 మంది సైనికులంటే, వారిలో వంటవాళ్లను, ఇంజినీర్లను, స్థావరాల కాపలాదారులను తీసివేసి మిగిలిన కాలిదళాన్ని లెక్కిస్తే, ఏ సమయంలోనైనా గస్తీకి వెళ్లగలిగేవారు ఎంత కొద్దిమందో ఊహించవచ్చు. యుద్ధం మొదలైన తొమ్మిదో రోజున, 2013 డిసెంబరు 24న, భద్రతా మండలి పరిమితిని 12,500 మంది సైనికులకు పెంచింది. కాగితం మీద పెంచిన సైనికులు నేల మీదికి రావడానికి నెలలు పట్టింది.

కంచెలో మహిమ ఏమీ లేదని మొదటి వారంలోనే తేలింది. జోంగ్లెయ్ రాష్ట్రంలోని అకోబోలో ఐరాస చిన్న స్థావరం ఒకటి ఉండేది. డిసెంబరు 19న దాదాపు 2,000 మంది సాయుధ నుయెర్ యువకులు ఆ స్థావరాన్ని ముట్టడించి, లోపల తలదాచుకున్న డింకా పౌరుల కోసం చొరబడ్డారు. కాపలా ఉన్న భారత సైనికుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు, ఆశ్రయం పొందినవారిలో అనేకులు హతమయ్యారు. ఇక్కడ చంపినవారు నుయెర్లు, చనిపోయినవారు డింకాలు. జుబాలో జరిగినదానికి ఇది తిరగేసిన బొమ్మ. బాధితులంతా ఒక తెగ, నేరస్థులంతా మరొక తెగ అన్న సులభమైన కథనం ఈ యుద్ధానికి ఎప్పుడూ సరిపోలేదు.

నాలుగు నెలల తరువాత, 2014 ఏప్రిల్ 17న, బోర్ పట్టణంలో మరో రకం దాడి జరిగింది. వినతిపత్రం ఇవ్వడానికి వచ్చిన ప్రదర్శనలా మొదలైన గుంపు, తుపాకులతో కంచె తెంచుకుని లోపలికి దూసుకొచ్చి నుయెర్ నిర్వాసితులపై కాల్పులు జరిపింది. 40 మందికి పైగా చనిపోయారు. శాంతి పరిరక్షకులు ఎదురుకాల్పులు జరిపి గుంపును తరిమారు, లేకుంటే మృతుల సంఖ్య ఎన్నింతలయ్యేదో చెప్పలేము. ఆ రోజు జరిగిన ఒక చిన్న ఘటనను రక్షణ గురించి రాసేవారు తరచుగా తలచుకుంటారు. ఆయుధం లేకుండా పౌరులకు తోడుగా ఉండడమే పనిగా పెట్టుకున్న ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇద్దరు, కొందరు స్త్రీలు, పిల్లలతో కలిసి ఒక మట్టి గుడిసెలో చిక్కుకుపోయారు. సాయుధులు వచ్చి మీరు బయటికి పొండి, వీళ్లను మాకు వదలండి అన్నారు. కార్యకర్తలు తమ గుర్తింపు కార్డులు చూపి, కదలబోమని చెప్పారు. సాయుధులు వెళ్లిపోయి మళ్లీ వచ్చారు, మళ్లీ అదే మాట, మళ్లీ అదే జవాబు. ఆ గుడిసెలోని వారంతా బతికారు. దీన్నిబట్టి తుపాకులు అక్కర్లేదని వాదించడం అమాయకత్వమే అవుతుంది, కంచె దగ్గర ఎదురుకాల్పులు జరగకపోతే ఆ గుడిసె కూడా మిగిలేది కాదేమో. అయితే వెళ్లబోమని నిలబడిన మనిషికీ, ఆదేశం కోసం ఎదురుచూసే మనిషికీ ఉన్న తేడా ముందు ముందు చూడబోయే మలకాల్, జుబా ఘట్టాల్లో బాగా అక్కరకు వస్తుంది.

కంచె లోపలి జీవితం గురించి ఒక మాట. ఆ స్థలాలు నివాసానికి ఎంచుకున్నవి కావు, సైనిక స్థావరాల పక్కన ఖాళీగా మిగిలిన పల్లపు భూములు. 2014 వానాకాలంలో బెంటియు శిబిరంలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మరుగుదొడ్ల మురుగు కూడా అందులోనే కలిసింది. పిల్లలు నీళ్లలో పడిపోకుండా తల్లులు వారిని చేతుల్లో ఎత్తుకుని నిలబడే నిద్రపోయారని అక్కడ పనిచేసిన వైద్యులు వెల్లడించారు. అయినా జనం వెళ్లిపోలేదు. బయట ఉన్నది అంతకన్నా భయంకరమని వారు లెక్క వేసుకున్నారు. ఇంతకు మించిన ప్రజాభిప్రాయ సేకరణ అక్కడ అవసరం లేదు.

చట్టపరంగా ఆ స్థలాల పరిస్థితి విచిత్రమైనది. ఐరాసకు అక్కడ భూమి మీద హక్కు లేదు, ప్రభుత్వంతో ఒప్పందం ప్రకారం ప్రాంగణంలోకి ఎవరూ చొరబడరాదన్న హామీ మాత్రమే ఉంది. లక్ష మంది ఉన్న చోట దొంగతనాలు, కొట్లాటలు, అత్యాచారాలు, అప్పుడప్పుడు హత్యలు తప్పవు. నేరం చేసినవాడిని అరెస్టు చేసి విచారించే అధికారం ఐరాస పోలీసులకు లేదు, ప్రభుత్వ పోలీసులకు అప్పగిస్తే ప్రాణాలతో ఉంటాడన్న నమ్మకం లేదు. దాంతో సరైన చట్టబద్ధత లేని నిర్బంధ గదులూ, పెద్దమనుషుల పంచాయతీలూ పుట్టుకొచ్చాయి. యూనిఫాం విడిచి కుటుంబాలతో పాటు లోపలికి వచ్చిన మాజీ సైనికులు మరో తలనొప్పి. గేటు దగ్గర ఆయుధం తీసుకుని లోపలికి పంపిన మనిషి పౌరుడా, రేపు మళ్లీ తుపాకీ పట్టబోయే తిరుగుబాటుదారుడా? దళం ఆ ప్రశ్నకు మానవతాదృష్టితో జవాబిచ్చింది, ప్రభుత్వం దానిని పక్షపాతమని ప్రచారం చేసింది.

2014 జనవరిలో సమాచార మంత్రి ఒకరు సాయుధ అంగరక్షకులతో బోర్ స్థావరంలోకి వెళ్లబోగా గేటు దగ్గర ఆపేశారు. మర్నాడు అధ్యక్షుడు కీర్, ఐరాస ఇక్కడ సమాంతర ప్రభుత్వం నడుపుతోందని బహిరంగంగా ఆరోపించాడు. మార్చిలో రుంబెక్ దగ్గర ఐరాస లారీలను తనిఖీ చేస్తే, వేరే సరుకు పేరుతో చీటీలు అంటించిన పెట్టెల్లో ఒక దళానికి చెందిన ఆయుధాలు దొరికాయి. అవి తిరుగుబాటుదారులకు ఉద్దేశించినవి కావు, కొత్తగా వస్తున్న శాంతి పరిరక్షకులవే. ఆయుధాలను రోడ్డు మార్గాన పంపరాదన్న నిబంధనను ఎవరో నిర్లక్ష్యం చేశారు, అంతే. కాని అప్పటికే అనుమానంతో రగులుతున్న వాతావరణంలో ఆ తప్పిదం పెట్రోలు పోసినట్లయింది. జుబా వీధుల్లో ఐరాస వ్యతిరేక ప్రదర్శనలు జరిగాయి. ఆ తరువాత గస్తీ వాహనాలను ఆపే ప్రతి చెక్‌పోస్టు సైనికుడికీ ఒక సాకు దొరికినట్లయింది.

2014 మే 27న భద్రతా మండలి 2155వ నంబరు తీర్మానంతో దళం బాధ్యతలను తిరగరాసింది. దేశ నిర్మాణ సహాయం తీసివేసి, పౌరుల రక్షణను మొదటి స్థానంలో పెట్టింది. సరైన నిర్ణయమే. మూడో షరతు మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది. ఆచరణలో దాని రూపం ఏమిటో హెలికాప్టర్ల సంగతి చూస్తే అర్థమవుతుంది. 2012 డిసెంబరు 21న ప్రభుత్వ సైన్యం ఐరాస హెలికాప్టర్‌ను కూల్చివేయగా నలుగురు రష్యన్ సిబ్బంది చనిపోయారు. 2014 ఆగస్టు 26న బెంటియు సమీపంలో మరొకటి కూలగా ముగ్గురు మరణించారు. ఆ తరువాత భద్రతా హామీ పత్రం చేతిలో లేకుండా ఏ పైలటూ గాలిలోకి లేవడానికి సిద్ధపడలేదు, అందులో వారిని తప్పుపట్టవలసినదీ లేదు. ఒప్పందం ప్రకారం దళానికి దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు ఉంది, అనుమతి అవసరం లేదు, సమాచారం ఇస్తే చాలు. వాస్తవంలో మాత్రం ఒక ఊరు తగలబడుతోందని తెలిసినప్పుడు, అక్కడికి వెళ్లే గస్తీ దళం ముందుగా ఆ ఊరిని తగలబెడుతున్న సైన్యం అధికారులకే కబురు పెట్టి, వారి జవాబు కోసం కూర్చోవలసి వచ్చేది. జవాబు కొన్నిసార్లు రెండు రోజులకు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు.

మలకాల్‌లో 2016 ఫిబ్రవరిలో జరిగినది ఈ మొత్తం వ్యవస్థను ఒక్కచోట పెట్టి చూపిస్తుంది. ఎగువ నైలు ప్రాంతానికి కేంద్రమైన ఆ పట్టణం యుద్ధంలో పలుమార్లు చేతులు మారింది. పట్టణం పక్కనున్న శిబిరంలో షిల్లుక్, నుయెర్, డింకా తెగలవారు దాదాపు 47,000 మంది, ఎవరి వాడలో వారుగా, ఉండేవారు. 2015 అక్టోబరులో అధ్యక్షుడు 10 రాష్ట్రాలను 28గా విడగొడుతూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు, షిల్లుక్‌లు తమదిగా భావించే మలకాల్ డింకాల ఆధిక్యం ఉన్న కొత్త రాష్ట్రంలోకి వెళ్లింది. ఆ గీత కాగితం మీద గీసినదే అయినా, శిబిరంలోని వాడల మధ్య వెంటనే కనబడసాగింది. ఫిబ్రవరి 16న ఇద్దరు సైనికులు శిబిరంలోకి తూటాలు దొంగతనంగా తేబోయి పట్టుబడ్డారు. 17 రాత్రి వాడల మధ్య కొట్లాట మొదలైంది. అదే అదనుగా ప్రభుత్వ సైనిక దుస్తుల్లో ఉన్న సాయుధులు కంచె కత్తిరించి లోపలికి వచ్చి షిల్లుక్, నుయెర్ వాడలకు నిప్పు పెట్టారు.

లోపలికి వచ్చినవారిని అడ్డుకోవలసిన కాపలా గూళ్లలో కొన్నింటిని శాంతి పరిరక్షకులు విడిచి వెనక్కి వెళ్లారు. కాల్చడానికి తమకు అధికారం ఉందా అన్న సందేహంతో లిఖితపూర్వక అనుమతి కోరిన దళమూ ఉంది. ప్రాణాపాయంలో ఉన్న పౌరులను కాపాడేందుకు ప్రాణాంతక బలం వాడవచ్చునని వారి నిబంధనల్లో అప్పటికే రాసి ఉంది, దానికి మళ్లీ కాగితం అక్కర్లేదు. దళాలు చివరికి ముందుకు కదిలినది 18వ తేదీ పగలు. కదిలాక, చొరబడ్డవారు ఎక్కువసేపు నిలవలేదు. ఈ ఒక్క వివరం, తరువాత ఐరాస జరిపించిన విచారణ నివేదికలోని మిగతాదంతటి కన్నా బరువైనది. కనీసం 30 మంది చనిపోయారు, 120 మందికి పైగా గాయపడ్డారు, శిబిరంలో దాదాపు మూడో వంతు బూడిదైంది. శత్రువు బలంగా ఉన్నందువల్ల కాదు, ఇక్కడ తాను అడుగు ముందుకు వేస్తే తరువాత తనకు ఎవరు అండగా నిలుస్తారో దళాధికారికి తెలియనందువల్ల ఇంత జరిగింది.

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. శాంతి పరిరక్షక సైనికుడికి యజమానులు ఇద్దరు. కార్యాచరణ ఆదేశాలు ఐరాస దళాధిపతి నుంచి వస్తాయి, జీతం, పదోన్నతి, శిక్ష మాత్రం స్వదేశపు సైన్యం చేతిలో ఉంటాయి. ఒక సైనికుడికి నెలకు 1,400 డాలర్లకు కాస్త పైగా ఐరాస చెల్లించే మొత్తం కూడా స్వదేశపు ప్రభుత్వానికే వెళ్తుంది. సైనికులను పంపే దేశాలు ముందే లోపాయికారిగా షరతులు పెడతాయి: మా వాళ్లు రాత్రిపూట బయటికి వెళ్లరు, ఫలానా ప్రాంతం దాటరు, ప్రమాదం ఉన్నచోట ముందుగా మా రాజధానికి ఫోను చేయాలి. ప్రభుత్వ సైన్యంతో తలపడి తన జవాన్లలో పదిమందిని పోగొట్టుకున్న అధికారిని స్వదేశంలో ప్రశ్నిస్తారు. కదలకుండా కూర్చుని వందమంది పౌరులను పోగొట్టుకున్న అధికారిని ఎవరూ పెద్దగా అడగరు. ఐరాస అంతర్గత పర్యవేక్షణ విభాగం 2014లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2010 నుంచి 2013 దాకా శాంతి పరిరక్షక దళాలు నమోదు చేసిన పౌరులపై జరిగిన 507 దాడుల్లో తక్షణ స్పందన కనిపించినది 101 ఘటనల్లోనే, అంటే 20 శాతం. బలప్రయోగం దాదాపుగా శూన్యం. ఆ అంకెను పిరికితనంగా చదవడం తేలిక. పైన చెప్పిన లెక్కను బట్టి చూస్తే అది ఎవరి స్వప్రయోజనాన్ని వారు చూసుకున్న హేతుబద్ధమైన ప్రవర్తనే, అందువల్లే మార్చడం మరీ కష్టం.

మలకాల్ జరిగిన అయిదు నెలలకు జుబా మళ్లీ మండింది. 2015 ఆగస్టు ఒప్పందం ప్రకారం మచార్ 2016 ఏప్రిల్‌లో రాజధానికి తిరిగి వచ్చాడు. ఆయన మనుషుల విడిది ఐరాస ప్రధాన స్థావరం పక్కనే. జులై 8 నుంచి 11 దాకా ట్యాంకులతో, హెలికాప్టర్లతో సాగిన పోరులో తూటాలు శిబిరం మీదుగా, కొన్నిసార్లు శిబిరంలోకే దూసుకొచ్చాయి. సాయుధ వాహనానికి రాకెట్ తగిలి ఇద్దరు చైనా శాంతి పరిరక్షకులు చనిపోయారు. గాయపడినవారిని నగరం అవతలి వైపున్న ఆసుపత్రికి తరలించే దారి దొరకలేదు. గాయపడితే ఆసుపత్రికి చేరతామన్న భరోసా లేని సైనికుడు గూడు విడిచి రాడు, ఇది ఏ సైన్యంలోనైనా తెలిసిన సంగతే. అయినా జులై 11 మధ్యాహ్నం జరిగినదానికి అది పూర్తి సంజాయిషీ కాదు. స్థావరం నుంచి కిలోమీటరుకు అటూ ఇటూగా ఉన్న ఒక హోటల్ ప్రాంగణంలోకి ప్రభుత్వ సైనికులు చొరబడి, స్థానిక విలేకరి ఒకరిని కాల్చి చంపారు, విదేశీ సహాయ కార్యకర్తలపై గంటల తరబడి అత్యాచారాలు చేశారు. లోపలివారు ఐరాసకు పదే పదే ఫోన్లు చేశారు, సందేశాలు పంపారు. ఒక్కో దేశపు దళాన్నీ అడగగా, తమ మనుషులంతా ఇతర పనుల్లో ఉన్నారన్న జవాబే వచ్చింది. ఒక్క దళమూ కదలలేదు.

నెదర్లాండ్స్‌కు చెందిన విశ్రాంత మేజర్ జనరల్ ప్యాట్రిక్ కామర్ట్ నేతృత్వంలో ఐరాస వేయించిన విచారణ సంగ్రహం 2016 నవంబరులో వెలువడింది. చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ దళాలు ఒకే ఆదేశం కింద పనిచేయలేదని, వాటికి పొంతన లేని ఆదేశాలు అందాయని, కొన్ని చోట్ల స్థానాలు విడిచిపెట్టారని, నాయకత్వం లోపించిందని అది స్పష్టంగా రాసింది. పోరు ముగిశాక కూడా, సెప్టెంబరు 2న, స్థావరం గేటు సమీపంలోనే ఒక మహిళపై దాడి జరుగుతుంటే కాపలావారు కదలలేదని పేర్కొంది. సెక్రటరీ జనరల్ బాన్ కి-మూన్ కెన్యాకు చెందిన దళాధిపతిని తొలగించారు. కెన్యా ఆగ్రహించి తన 1,000 మంది సైనికులను వెనక్కి పిలిచింది. జులై పోరుకు కొన్ని వారాల ముందే ఆ పదవికి వచ్చిన ఒక్క మనిషిని బలి చేశారని కెన్యా అన్నదాంట్లో నిజం ఉంది. ఒకరినైనా బాధ్యుడిని చేయగలిగితే దాని ఖరీదు వెయ్యి మంది సైనికులని కూడా అదే ఘటన చెబుతుంది.

జులై పోరుకు భద్రతా మండలి స్పందన మాత్రం పాత బాటలోనే నడిచింది. 2016 ఆగస్టు 12న 2304వ నంబరు తీర్మానంతో 4,000 మందితో ప్రాంతీయ రక్షణ దళాన్ని చేర్చి, మొత్తం పరిమితిని 17,000కు పెంచింది. ప్రభుత్వం భూమి కేటాయింపు దగ్గర, విమానాశ్రయం కాపలా దగ్గర, దేశాల ఎంపిక దగ్గర నెలల తరబడి పేచీలు పెట్టింది. ఆ దళంలోని రువాండా సైనికులు జుబాకు చేరేసరికి 2017 ఆగస్టు. అదే కాలంలో ఆయుధాల మీద ఆంక్షలు విధించే ప్రతిపాదన 2016 డిసెంబరులో 7 ఓట్లతో వీగిపోయింది, కావలసినవి 9. ఆ 9 ఓట్లు 2018 జులైలో గాని దక్కలేదు. శిబిరం చుట్టూ కాపలాకు సైనికులను పంపడానికి ఒప్పుకున్న మండలి, ఆ శిబిరం మీదికి గురిపెట్టే తుపాకుల దిగుమతిని ఆపడానికి నాలుగున్నరేళ్లు తీసుకుంది.

ఇదంతా చదివాక గేట్లు తెరవకుండా ఉంటేనే మేలు అనుకునేవారు ఉండవచ్చు. 2013 డిసెంబరు నుంచి 2018 ఏప్రిల్ దాకా ఈ యుద్ధం వల్ల అదనంగా సంభవించిన మరణాలు దాదాపు 3,83,000 అని, వాటిలో దాదాపు సగం హింస వల్లనే అని లండన్ పరిశోధకులు అంచనా వేశారు. ఆ లెక్కలో కంచె లోపల బతికిన 2 లక్షల మంది పేర్లు లేవు. బెంటియులో 2014 ఏప్రిల్‌లో తిరుగుబాటుదారులు మసీదులోనూ ఆసుపత్రిలోనూ జనాన్ని తెగల వారీగా విడదీసి చంపుతున్న రోజుల్లో, శాంతి పరిరక్షకులు వాహనాలు వేసుకుని పట్టణంలోకి వెళ్లి వందలాది మందిని స్థావరానికి చేర్చారు. అదే దళం, అవే నిబంధనలు. కదిలిన రోజులూ ఉన్నాయి.

కంచె దాటిన రక్షణ ఎంత చిన్న పనితో మొదలవుతుందో కట్టెల విషయం చూపిస్తుంది. శిబిరంలో ధాన్యం ఇస్తారు, దానిని వండడానికి వంటచెరకు ఇవ్వరు. అందుకోసం ఆడవాళ్లు గంటల దూరం అడవిలోకి వెళ్లాలి. మగవాళ్లు వెళ్తే చంపుతారు, ఆడవాళ్లు వెళ్తే చెరుస్తారు, కనుక ఆడవాళ్లే వెళ్తారు. ఇది ఆ కుటుంబాలు చేసుకున్న బేరం. దళం కొన్ని రోజుల్లో కట్టెల గస్తీ నడిపి వారికి తోడు వెళ్లేది. శాంతి ఒప్పందం సంతకమై మూడు నెలలైనా కాకముందే, 2018 నవంబరు చివర్లో, బెంటియు పరిసరాల్లో పది రోజుల వ్యవధిలో 125 మంది స్త్రీలు, బాలికలు అత్యాచారానికి గురై చికిత్స కోసం వచ్చారని వైద్య సహాయ సంస్థ 'సరిహద్దులు లేని వైద్యులు' ప్రకటించింది. వారిలో చాలామంది ఆహార పంపిణీ కేంద్రాలకు నడిచి వెళ్తున్నవారు. దాని తరువాత గస్తీలు పెంచారు, దారి పక్కన దాడిచేసేవారు దాక్కునే పొదలను కొట్టివేశారు. పొదలు కొట్టడానికి భద్రతా మండలి తీర్మానం అవసరం లేదు. ఆ దారిన రోజూ ఎవరు, ఎన్ని గంటలకు, ఎందుకు నడుస్తారో తెలిసి ఉండాలి. అది తెలిసేది కంచె లోపల కూర్చుంటే కాదు.

2020 సెప్టెంబరు నుంచి దళం ఈ స్థలాలను ఒక్కొక్కటిగా మామూలు నిర్వాసితుల శిబిరాలుగా మార్చి కాపలాను ప్రభుత్వానికి అప్పగించింది. బోర్, వావు, జుబా, ఆపై బెంటియు. కాపలాలో చిక్కుకున్న సైనికులను విడిపించి ముప్పు ఉన్నచోటికి పంపుతామన్నది తర్కం, అందులో పస ఉంది. మలకాల్‌ను మాత్రం మార్చలేకపోయారు. పట్టణం ఎవరిదన్న వివాదం తేలలేదు, 2023 జూన్‌లో ఆ శిబిరంలోనే వాడల మధ్య ఘర్షణలు జరిగి పదిమందికి పైగా చనిపోయారు.

2025 మార్చిలో ఎగువ నైలులోని నాసిర్‌లో సైనిక స్థావరం తిరుగుబాటు యువకుల చేతికి చిక్కింది. గాయపడిన సైనికులను తీసుకురావడానికి వెళ్లిన ఐరాస హెలికాప్టర్ మీద కాల్పులు జరిగి సిబ్బందిలో ఒకరు చనిపోయారు. అదే నెలలో మచార్‌ను గృహ నిర్బంధంలో ఉంచారు. ఏటా దాదాపు 120 కోట్ల డాలర్లు ఖర్చయ్యే ఈ దళానికి ఆ సంవత్సరంలోనే డబ్బు కొరత మొదలైంది. పెద్ద దేశాలు చందాలు ఆపడం, ఆలస్యం చేయడం వల్ల తొమ్మిది శాంతి పరిరక్షక దళాల్లో దాదాపు నాలుగో వంతు సిబ్బందిని తగ్గిస్తామని అక్టోబరులో ఐరాస ప్రకటించింది. కోత పడినప్పుడు మొదట మూతపడేవి పెద్ద స్థావరాలు కావు. అక్కడి గోడలు, జనరేటర్లు, నీటి శుద్ధి యంత్రాలు సైనికులు ఎంతమంది ఉన్నా ఖర్చు అడుగుతూనే ఉంటాయి. మొదట పోయేవి హెలికాప్టర్ గంటలు, రాత్రి బస చేసే దూరపు గస్తీలు, మారుమూల ఊళ్లలో ముప్పై నలభై మందితో నడిచే తాత్కాలిక మకాములు. కంచె అలాగే ఉంటుంది, దాని వెలుపల కనబడే నీలి టోపీలు తగ్గుతాయి.